హియర్‌కీ లిజన్‌కీ తేడా

"హియర్‌కీ లిజన్‌కీ తేడా ఏమిటో ఎవరు చెబుతారు?"

సుప్రజ అడిగీ అడగ్గానే అయిదో తరగతిలో ఎల్లేశ్ లేచి నిలబడ్డాడు.

"రోడ్డు మీద లారీ హారన్ కొడ్తే మనం వద్దన్నా చెవుల పడ్తది టీచర్. అది హియర్. అవ్వ కథ చెప్తాంటే కదలకుండ కూసోని వింటం. అది లిజన్."

క్లాసంతా తలలూపింది.

సుప్రజ నిన్న చెప్పింది అలా కాదు. అప్రయత్నంగా వినబడితే హియర్, శ్రద్ధగా వింటే లిజన్ అని బోర్డు మీద రాసి, రెండుసార్లు చదివించింది. ఒక్కరికీ ఎక్కలేదు.

"నీకెవరు చెప్పారు?"

"అఫ్రీన్ వాళ్ల అమ్మీ."

ఒకటో తరగతి అఫ్రీన్ తల్లి సాలేహాను సుప్రజ రోజూ చూస్తూనే ఉంది. పొద్దున్నే లాల్‌గడి మలక్‌పేట్ నుంచి కూతుర్ని బస్సులో శామీర్‌పేట బడికి తీసుకొస్తుంది. తిరుగు బస్సు మధ్యాహ్నం దాకా లేదు. అప్పటిదాకా వరండా చివర బుర్ఖాలో కూర్చుని, ఎవరివో చొక్కాలు ఒడిలో పెట్టుకుని కాజాలు కుడుతుంది.

ఆ రోజు ఇంటర్వెల్లో సుప్రజ స్తంభం పక్కన నిలబడి చూసింది.

సాలేహా చుట్టూ పిల్లలు. ఒక పిల్ల నోటుబుక్కు ఆమె ముందుకు చాపింది.

సాలేహా పుస్తకం వంక చూడనైనా లేదు. "నువ్వు చదువు బిడ్డా, వింట" అంది.

"సీ, లుక్, వాచ్."

"కండ్లు తెరిస్తే చెరువు కనవడ్తది. అది సీ. చెరువుల కొంగ ఉన్నదంటే గా దిక్కు మర్లి చూస్తవు. అది లుక్. గా కొంగ చేపను పట్టేదాంక అట్లనే చూసుకుంట నిలవడ్తవు. అది వాచ్."

పిల్లలు పకపకా నవ్వారు. సుప్రజ క్లాసులో వాళ్లు ఎన్నడూ అలా నవ్వలేదు.

పుస్తకం ముట్టుకోకుండానే చెప్పేస్తోంది, ఎంత పొగరు, అనుకుంది సుప్రజ. ఏ సికింద్రాబాద్ కాన్వెంటులోనో చదివి ఉంటుంది. బాగా బతికి చెడినవాళ్లై ఉంటారు.

తెనాలిలో ఇంగ్లీషు ఎమ్మే చేసి, భర్త ఉద్యోగం కోసం గుండ్లపోచంపల్లి కాలనీకి వచ్చిన సుప్రజకు ఈ బళ్లో అయిదేళ్లుగా ఎదురు లేదు. ఇంగ్లీషంటే సుప్రజ టీచరే. ఇప్పుడు కాజాలు కుట్టే మనిషి ముందు తన బోర్డు వెలవెలబోతోంది.

రాత్రి భర్త సుధీర్‌తో చెప్పింది.

"మంచిదేగా, నీకు సగం పని తప్పింది" అన్నాడతను.

ఆ మాటకు ఆమెకు అన్నం సయించలేదు.

వారం తిరక్కుండా హెడ్మాస్టరు చలపతిరావు పిలిచాడు.

"ఆ అఫ్రీన్ తల్లి ఏం చదువుకుందో కనుక్కోమ్మా. జూన్ నుంచి చిన్నపిల్లలకి పెట్టుకుందాం."

"అలాగేనండీ" అంది సుప్రజ.

అడగలేదు. రెండు రోజులాగి తనే ఆయన గదికి వెళ్లింది.

"ఆవిడకి ఇష్టం లేదటండీ. ఇంకో సంగతి. బయటివాళ్లు వరండాలో కూర్చుంటే పిల్లల ధ్యాస చెదిరిపోతోంది. రేపు మిగతా తల్లులూ మొదలుపెడతారు. గేటు బయటే ఉండమంటే బావుంటుంది."

చలపతిరావు సరే అన్నాడు.

మర్నాడు ఆయా దుర్గాబాయి ఆ మాట చెబుతుంటే సుప్రజ కిటికీలోంచి చూస్తూ ఉంది.

సాలేహా చొక్కాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "ఎవరు చెప్పిన్రు?" అని అడిగింది.

"సుప్రజ టీచరమ్మ."

"గామె చెప్పిందంటే గట్లనే కానీ."

వెళ్తూ వెళ్తూ అయిదో తరగతి గుమ్మం దగ్గర ఆగి, లోపలికి చూసి చెయ్యెత్తి సలాం చేసింది. ఎత్తిపొడుపు కాకపోతే ఏమిటది, అనుకుంది సుప్రజ.

తర్వాత సాలేహా కనబడలేదు. అఫ్రీన్ పక్కింటివాళ్ల ఆటోలో వచ్చిపోతోంది. క్లాసులో పిల్లలు బోర్డు మీదిది బుద్ధిగా నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంటున్నారు. ఎవరూ లేచి సొంత మాటల్లో చెప్పడం లేదు. గెలిచానన్న సంతోషం సుప్రజకు నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఆ కాన్వెంటు ఏదో తెలుసుకోవాలన్న దుగ్ధ మాత్రం లోపల అలాగే మిగిలింది.

మార్చిలో ఒకరోజు అఫ్రీన్‌ను ఆపింది.

"మీ అమ్మ రావడం లేదేం?"

"కోళ్లఫారంల పనికి పోతాంది టీచర్. గుడ్లు ఏరుతది."

"అంత చదువుకుని గుడ్లు ఏరడమేంటి? ఏ కాన్వెంటులో చదివింది?"

అఫ్రీన్ అర్థం కానట్టు చూసింది.

"అమ్మీ బడికే పోలే టీచర్. పేరు గూడ రాయరాదు."

"మరి ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకుంది?"

"ఈడనే. మీరు లోపల చెప్తాంటే వరండాల కూసోని నేర్చుకున్నది."



అఫ్రీన్ సంచీ సర్దుకుంటూ అంది: "నేను ఇంట్ల మీ పేరు తీసి మా టీచర్ అంటే నాతోని కొట్లాడ్తుండె, సుప్రజ టీచర్ నీకు కాదు, నాకు టీచర్ అని."