ఇంటిబడి కాగితం

"ఆ గీత పైకి పోతాందా, కిందికి దిగుతాందా?"

"పైకే జేజినాయనా."

"కండ్లు తెరవొద్దు. వేలు ఇంకా జరుపు."

ఎనిమిదేళ్ల అమృత కళ్లు గట్టిగా మూసుకుని, నల్లరాతిలో చెక్కిన అక్షరం వెంట వేలు నడిపింది. ఒక్కసారిగా "మ!" అని అరిచింది.

"చూడు, నీ అంతట నీకే తెలిసింది. అచ్చరం కంటికి తెలిస్తే చాలదమ్మీ, చేతికి తెలియాల," అన్నాడు తాత మహానందయ్య.

ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కేవాళ్లకు కొదవ లేదు. రాతి మీద పేర్లు చెక్కాలంటే మాత్రం మహానందయ్యే. కాగితం మీద రాసిచ్చింది రాసిచ్చినట్టు రాతిలోకి దించుతాడు. అందుకే కోడలు హిమబిందు నిశ్చింతగా పిల్లలిద్దరినీ తెచ్చి వదిలింది. నంద్యాలలో కుందూ నది పొంగి బడిలోకి నీళ్లొచ్చాయి. వారం రోజులు సెలవు. ఉత్త సెలవు కాదు, ఇంటిబడి అన్నారు. పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చారు. అందులో ఉన్న పాఠాలు చదివించి, చదివించినవాళ్లు చివర సంతకం పెట్టి పంపాలి.

"కిరణ్‌గాడిది ఒకటో తరగతే మామా, వాని గురించి దిగుల్లేదు," అంది హిమబిందు బస్సెక్కే ముందు. "దీని గురించే నా బాధంతా. మూడుకొచ్చినా బొమ్మ చూసి కథ చెప్తాదే గానీ చదవదు. సోమవారం సారు ముందర చదవకపోతే మళ్లా రెండులో కూచోబెడతారంట. అన్నం తినకుండా ఏడ్చింది."

"నేనేం చెప్తానమ్మా?"

"బలే వాడివి మామా! ఊర్లో రాళ్ల మీదుండేదంతా నీ రాతే కదా!"

మహానందయ్య చదువు చెప్పే తీరే వేరు. గట్టిగా మందలించడు, బెత్తం ముట్టడు. ఉలి పక్కన పెట్టి మనవరాలి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు.

"నువ్వు టీచరమ్మవి, నేను పిల్లోన్ని. నాకు చెప్పు."

అమృత బొమ్మ చూసి గడగడా అప్పజెప్పింది. "మేక ఆకులు తింటాంది."

"మేక అని యాడుంది? చూపించు."

ఏదో ఒక మాట మీద వేలు పెట్టింది.

"అది మేక ఎట్లయింది? నేను ఒప్పుకోను. ఒక్కో అచ్చరం విడగొట్టి చెప్పు."

విడగొట్టబోతే అది మేక కాదు, ఆకు. అమృతే నాలిక కరుచుకుంది. పక్కన కిరణ్ పకపకా నవ్వాడు. "జేజినాయనకు ఏం రాదు!"

"రాదు నాయనా. అందుకే గదా అడుగుతాండ."

పాఠం పుస్తకంతో ఆగేది కాదు. బీపీ మాత్రల అట్ట ఇచ్చి "పొద్దుటిది ఏదో చదివి తీసియ్యి" అనేవాడు. కొత్తగా చెక్కాల్సిన రాయికి కాగితం వస్తే "ఎవరి పేరుందో చెప్పు చూద్దాం" అనేవాడు. అమృత చెమటలు కక్కుతూ చదివేది.

బుధవారం ఫోనుకు మెసేజ్ వచ్చింది. 'పిల్లలకు దగ్గుంది. తీపి పెట్టొద్దు మామా.'

"చదువు టీచరమ్మా," అన్నాడు.

అమృత పెదాలు కదుపుతూ మొత్తం చదువుకుంది. తమ్ముడి వైపు చూసి కన్నుకొట్టింది. "పిల్లలకు జిలేబీ తెచ్చి పెట్టు మామా అని పంపింది!"

మహానందయ్య ఫోను తీసుకుని కాసేపు చూశాడు. "మీ అమ్మ చెప్పినాక తప్పుతాదా!" అంటూ చొక్కా తగిలించుకుని అంగడికి పోయాడు.

కిరణ్ మూడు జిలేబీలు లాగించాడు. అమృత మాత్రం ఒకటి చేతిలో పట్టుకుని జేజినాయన వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాటి నుంచి ఆ పిల్లకు చదువు పిచ్చి పట్టింది. చెప్పకముందే మాత్రల అట్ట చదివి, మాత్ర తీసి జేజినాయన అరచేతిలో పెట్టేది. ఆయన టీ తాగుతుంటే పేపరు ముందేసుకుని పెద్దక్షరాలు చదివేది. వీధిలో నడిస్తే ఒక్క బోర్డు వదిలేది కాదు. శనివారం ఆయన ఉలి ఎత్తబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఆగు జేజినాయనా! ప్రభాకర్ అని గదా? రాసిచ్చిన కాగితంలోనే దీర్ఘం పోయింది."

చెక్కమన్నవాళ్లకు ఫోను చేసి అడిగితే నిజమే. మహానందయ్యకు కళ్లు చెమర్చాయి. మనవరాలి తల మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

సోమవారం పొద్దున బస్టాండులో అమృతే ముందు నడిచింది. "ఇది చాగలమర్రి బస్సు జేజినాయనా. మనది ఆ పక్కది, పా."

బడిలో ఇంకా తడి వాసన పోలేదు. నతానియేలు సారు బల్ల మీద హాజరుపట్టీ, రబ్బరు స్టాంపు, ఇంకు ప్యాడు సర్దుకుని, బొమ్మల్లేని పేజీ ఒకటి తెరిచి ఇచ్చాడు. అమృత వేలు పెట్టి మొదలుపెట్టింది. రెండుచోట్ల ఆగింది. ఆగినచోట విడగొట్టుకుని, కలుపుకుని చివరిదాకా చదివింది.

"మళ్లా రెండులో కూచోవాల్నా సార్?"

"ఎందుకు కూచుంటావ్? నీ చోటు మూడులోనే!"

మహానందయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"వారంలో ఎట్ల నేర్పినారు పెద్దాయనా?"

"నేనేం నేర్పలే సార్. ఆ పాప చెప్పింది, నేను విన్న."

"పెద్దలు అట్లనే అంటారు లే!" సారు నవ్వుతూ ఇంటిబడి కాగితం బల్ల మీద పరిచి, పెన్ను అందించాడు. "సంతకం మర్చిపోయినారు. ఈడ పెట్టండి."

మహానందయ్య చెయ్యి ముందుకు రాలేదు.

అమృత చప్పుడు చేయకుండా ఆ పెన్ను తీసి పక్కన పెట్టింది.

ఇంకు ప్యాడు మూత తెరిచి, జేజినాయన బొటనవేలు పట్టుకుంది.