మొదటి గాడి

"నాకేమీ ఇవ్వక్కర్లేదు సార్. పని అయ్యాక ఆ రికార్డు ఒక్కసారి మొదట్నుంచి చివరిదాకా వినిపించండి, చాలు."

పెద్దాయన గుమ్మంలోనే ఆ మాట అన్నాడు. ఊరికే చేస్తానంటున్నాడంటే ఏదో తిరకాసు ఉండే ఉంటుందని పళ్ల డాక్టరు అప్పుడే అనుకున్నాడు.

డాక్టరు రికార్డు ప్లేయరు అల్లాటప్పా వస్తువు కాదు. పనిమనిషిని తాకనివ్వడు, తానే మెత్తటి గుడ్డతో తుడుచుకుంటాడు. పగలంతా క్లినిక్కులో డ్రిల్లు కీచుమంటూ చెవులు తినేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ ఒక్క రికార్డు పెట్టుకుంటే గానీ ఆయన ప్రాణం కుదుటపడదు.

ఆ పాట పాడినామె పేరున వచ్చింది ఆ ఒక్క రికార్డే, ఇప్పుడది ఎక్కడా దొరకదు. అట్ట మీద ఫొటో కూడా లేదు. ఇరవై ఏళ్లుగా ఆ సన్నటి గొంతే డాక్టరుకు తోడు.

ప్లేయరులో మొదట్నుంచీ ఉన్న హోరు ఈమధ్య మరీ ఎక్కువైంది. మోటారుకు కరెంటు అందించే పవర్ సప్లై పెట్టె మార్చి మంచిది పెట్టించుకోమని పాత రికార్డుల క్లబ్బులో ఎవరో ఈ పెద్దాయన నంబరు ఇచ్చారు. హోరు ఏ పాటలో వినిపిస్తోందని ఆయన ఫోన్లో అడిగాడు. డాక్టరు రికార్డు పేరు చెప్పాడు. తెల్లారేసరికి మనిషి గుమ్మంలో ఉన్నాడు.

పాత పెట్టె విప్పాడు. తాను స్వయంగా చేసిన, ఇటుకంత కొత్త పెట్టె తగిలించాడు. స్విచ్చి వేస్తూ మోటారును వేలితో తట్టాడు.

"ఊఁ, కానీ తల్లీ."

డాక్టరుకు నవ్వొచ్చింది. మోటారును బతిమాలే మనిషిని చూడటం అదే మొదలు.

పళ్లెం తిరిగింది. హోరు లేదు. డాక్టరు మురిసిపోతూ ముల్లు అందుకుని, ఎప్పటిలాగే అంచు వదిలేసి, సరిగ్గా పాట ఎత్తుకునే చోట దించాడు.

"అక్కడ కాదు సార్, అంచు నుంచి పెట్టండి. మొదటి గాడి నుంచి."

"అక్కడేముందండీ, బరబరా తప్ప? నేనెప్పుడూ ఇక్కడే పెడతాను."

పెద్దాయన కళ్లు ఆ అంచు మీదే ఉన్నాయి.

మొదటి పాదం పూర్తి కాకముందే డాక్టరు మొహం మాడిపోయింది. గొంతు కిందికి దిగింది. నిదానించింది. ఎవరో పరాయి మనిషి పాడుతున్నట్టుంది.

"ఏం చేశారు దీన్ని?"

"చెడగొట్టలేదు సార్. పాతది మోటారును పరుగెత్తించేది. ఇప్పుడు సరిగ్గా తిరుగుతోంది. ఆ అమ్మాయి గొంతు ఇదే."

"ఆమె గొంతు నాకంటే మీకు ఎక్కువ తెలుసా?"

పెద్దాయన డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. కళ్లజోడు తీసి, కళ్లు మూసుకుని వింటున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

డాక్టరుకు ఒళ్లు మండిపోయింది. నా పాట నాశనం చేసి, పైగా నా కుర్చీలో కూర్చుని కులాసాగా వింటాడా! చటుక్కున ముల్లు ఎత్తేశాడు.

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "అయ్యో... రెండో చరణం ఉంది సార్. అదొక్కటీ..."

"చాలు. నమ్మి ఇంట్లోకి రానిస్తే నిలువునా ముంచారు. నా పాత పెట్టె నాకు తగిలించి దయచెయ్యండి."

ఆయన పాత పెట్టె మళ్లీ తగిలించాడు. తన పెట్టెను మాత్రం బల్ల మీదే వదిలాడు. దాని పక్కన చారలున్న అట్టబిళ్ల ఒకటి పెట్టాడు.

"దీన్ని పళ్లెం మీద ఉంచి ట్యూబులైటు కింద తిప్పి చూడండి. చారలు కదలకుండా నిలబడితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఎప్పుడైనా మనసైతే చూడండి."

గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాడు. డాక్టరు వైపు కాదు, రికార్డు వైపు.

ఆ సాయంత్రమే డాక్టరు క్లబ్బులో అందరికీ చెప్పాడు. "వాణ్ణి గడప తొక్కనివ్వకండి. నమ్మించి గొంతు కోశాడు."

నాలుగు నెలల తర్వాత, గడియారాలు బాగుచేసే బావమరిది చూడటానికొచ్చాడు. బల్ల మీద అట్టబిళ్ల చూసి ఊరుకుంటాడా? తీసి పళ్లెం మీద పెట్టాడు.

చారలు ఆగకుండా ముందుకు జారిపోతున్నాయి.

"బావా, నీ మిషను ఎవరో తరుముతున్నట్టు పరుగెడుతోంది!"

కొత్త పెట్టె తగిలించి మళ్లీ తిప్పాడు. చారలు మేకు కొట్టినట్టు నిలబడ్డాయి.

డాక్టరు రెండు పెట్టెలనూ మార్చి మార్చి చూశాడు. ఇరవై ఏళ్లుగా తనను మోసం చేసింది, తాను రోజూ తుడిచి ముద్దు చేసిన ఆ పాత పెట్టేనన్నమాట. గబగబా ఫోను తీసి పెద్దాయన నంబరు కలిపాడు. ఎవరో ఆవిడ ఎత్తింది.

"ఆయన పోయి నెల దాటిందండీ. పని కోసమా?"

"అవును... అంటే... ఒక మాట చెబుదామని."

"ఆఖర్లో ఎవరూ పనికి పిలవలేదు లెండి. ఎందుకో తెలీదు. మీరైనా తలుచుకున్నారు."

క్షమించమని అడగడానికి ఇక ఆ మనిషే లేడు. ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

బావమరిదికి ఈ ఇంటి అలవాట్లు తెలియవు. అట్టబిళ్ల తీసేసి రికార్డు పెట్టి, ముల్లును దాని అంచున, మొదటి గాడిలో దించాడు.

హోరు లేదు. పాటకు ముందున్న ఆ నిశ్శబ్దంలో, ఇన్నేళ్లూ ఆ గదిలో వినపడని మగ గొంతు ఒకటి మెల్లగా పలికింది.

"ఊఁ, కానీ తల్లీ."

"సరే నాన్నా," అని పాట ఎత్తుకుంది ఆ అమ్మాయి.