పదకొండు ముద్రలు

“పది ముద్రలున్నాయి. పదకొండోది ఏదమ్మా?” అన్నాడు హెడ్మాస్టరు, కాగితాల కట్టను కిటికీ వెలుగుకి ఎత్తి చూస్తూ.

ఇటుకబట్టీలో పనిచేసే ఆమె కొంగుముడి విప్పి ఇంకో మడత తీసిచ్చింది. వెనక గుమ్మం పట్టుకుని ఆమె కూతురు నిలబడింది. ఆరేళ్ల పిల్ల, రెండు జడలు. చేర్చుకోవడానికి ఇవాళే ఆఖరి రోజు. దాటిందా, అదీ తల్లిలాగే పచ్చి ఇటుకలు తిరగేస్తూ పెరుగుతుంది.

ఆ కట్టది చేటభారతం. ఈ బడి పాత బడినుంచి టీసీ తెమ్మంది. ఇక్కడ చేర్చుకున్నట్టు రాసిస్తేనే టీసీ ఇస్తామని పాత బడి అంది. ఇంటి చిరునామా కావాలన్నారు. బట్టీ పక్కన గుడిసెని ఇల్లంటే గుమస్తా ఒప్పుకోలేదు. ఒక ముద్ర పడేలోపు ఇటుకల పని అయిపోయి చెరకు కోతలకి పోవాల్సొచ్చేది. తిరిగొస్తే సారు మారేవాడు, కొత్త సారుకి కొత్త కాగితం కావాలి. చెప్పులరిగాయి గానీ ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఈ హెడ్మాస్టరు పేర్లు చదవడు. పేరు ఎవడైనా రాసుకోవచ్చు, ముద్ర ఎవడు పడితే వాడు వెయ్యలేడని ఆయన నమ్మకం. వానకి తడిసి తేదీలు అలుక్కుపోయినా పట్టించుకోలేదు. దరఖాస్తు మీది ఫొటోలో రెండు జడల పిల్లని, గుమ్మంలో పిల్లని మార్చి మార్చి చూసి తలూపాడు. అడుగున సంతకం ఎవరిదని అడిగితే, మీకంటే చాలా ముందున్న పెద్దసారుదండీ అందామె. దస్తూరి బాగుందని ఆయన మెచ్చుకున్నాడు.

“నా సర్వీసులో ఇంత పక్కా కాగితాలు చూడలేదమ్మా. ఒక్క లోపం లేదు.”

ఆమెకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ ఒక్క మాట కోసం ఎన్ని గుమ్మాలెక్కిందో. మొహం తుడుచుకుని, ఒకటో తరగతి బల్లలు గట్టివేనా అని అడిగింది. ఏనుగెక్కినా విరగవని హెడ్మాస్టరు నవ్వాడు. తన ముద్ర కూడా గట్టిగా గుద్ది, రిజిస్టర్లో ఎక్కించమని కాగితాలు గుమస్తాకిచ్చాడు. ఇక ఈ పేరుని తాను కూడా కొట్టెయ్యలేనని గర్వంగా చెప్పి, వెళ్లి కూర్చోమన్నాడు.

ఆమె చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చూస్తూ ఉండమని కూతురికి చెప్పింది. నేరుగా ఒకటో తరగతిలోకి వెళ్లి, మోకాళ్లు పక్కకి తిప్పి ముందు బల్ల మీద ఇరుక్కుని కూర్చుని చేతులు కట్టుకుంది. పిల్లలు నోళ్లు తెరిచారు.

హెడ్మాస్టరు పరుగున వచ్చాడు. “పిల్లని కూర్చోబెట్టమంటే నువ్వు కూర్చున్నావేంటమ్మా?”

“ఆ కాగితాలు నా చిన్నప్పటివండీ, దాన్ని చేర్చుకుంటే లేస్తాను.”