దిబ్బ సత్తువ

పాపక్క పారతో ఎరువు దిబ్బను పక్కకు లాగి చూసింది. చూసి, ఎవరైనా గమనిస్తున్నారేమోనని గబుక్కున మళ్ళీ మూసేసింది. లోపల ప్లాస్టిక్ కవరు చెక్కు చెదరలేదు. పూడ్చిన నాడు ఎంత తెల్లగా ఉందో ఇప్పుడూ అంతే తెల్లగా ఉంది!

“ఏమైందే?” అన్నాడు మొగుడు దాసప్ప, దూడకు గడ్డి వేస్తూ.

“ఏం గావాల? మానం పోయింది. మన దిబ్బలో కవరు కరగలేదు.”

దాసప్ప తానూ వచ్చి తవ్వి చూసి నోరు వెళ్ళబెట్టాడు.

రాయకోట పక్కనున్న ఆ పల్లెలో ఇంటి వెనక దిబ్బను బట్టే ఇల్లాలిని లెక్కగడతారు. రోజూ ఒళ్ళు వంచి పేడా, బూడిదా, చెత్తా మోసి వేసేవాళ్ళ దిబ్బకే సత్తువ. పాపక్క దిబ్బ ఎరువంటే టమాటా రైతులు ఎగబడేవాళ్ళు. ఆమెకున్న గొప్ప అదొక్కటే. కాస్త పొగరు కూడా దానివల్లే.

తొంభై ఎనిమిదిలో, వానలు మొదలయ్యే ముందు, హోసూరు మూకండపల్లి నుంచి డాక్టర్ అలివేలు వచ్చింది. డాక్టరంటే పశువులకు సూదులు వేస్తుందనుకుని ఊరంతా ఆవుల్ని తోలుకొచ్చింది. తీరా చూస్తే ఆమె ప్లాస్టిక్ మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. కర్రపెండలం పిండి కలిపి కొత్తరకం కవరు తయారు చేసిందట.

“ఇది మట్టిలో కలిసిపోతుందమ్మా. ఇక ఆవులు తినడానికి కవరంటూ మిగలదు,” అంది.

అంతకు ముందు ఏడే పాపక్క పాడి ఆవు కడుపుబ్బి చచ్చిపోయింది. కోసి చూస్తే కడుపునిండా ప్లాస్టిక్ కవర్లే. ఆ కడుపు మంటతోనే అందరికంటే ముందు పాపక్క సరేనంది, ఆమెను చూసి ఊరు సరేనంది. అలివేలు ప్రతి దిబ్బలోనూ కవరు పూడ్చి, గుర్తుకు పుల్ల నాటింది. వెళ్తూ వెళ్తూ ఒక మాటంది: “దిబ్బలో సత్తువుంటే చాలు, దీపావళికల్లా ఆనవాలు కూడా ఉండదు.”

దీపావళి రానే వచ్చింది. ఆ మాటే ఇప్పుడు పాపక్క ప్రాణం మీదికి వచ్చింది.

“గుర్రప్ప వాళ్ళ దిబ్బలో పిండిపిండి అయిపోయిందంట. మారియప్ప ఇంట్లో గూడా అంతేనంట. నాగేశప్ప పెండ్లామైతే బోరింగు కాడ అందరికీ చెప్పుకుంటా ఉంది,” అంది మొగుడితో. “మనదొక్కటే ఇట్లయింది. రేపు ఆయమ్మ వచ్చి తవ్వితే నా మొగం యాడ పెట్టుకునేది?”

“ఉన్నది ఉన్నట్టు చెప్తే పోలేదా?”

“చెప్పి? పాపక్క ఒళ్ళొంచి పేడ మోయదు అనిపించుకోవాల్నా? నువ్వు గమ్మునుండప్పా!”

కవరు పెరికి, కొంగు చాటున తెచ్చి, నీళ్ళ పొయ్యిలో తోసేసింది. కంపు బయటికి పోతుందేమోనని భయపడింది గానీ, వీధిలో అప్పటికే ఎక్కడినుంచో అదే కంపు వస్తోంది. బతికిపోయాననుకుంది.

మర్నాడు అలివేలు వచ్చింది. పుల్ల పక్కన తవ్వింది. ఇంకా తవ్వింది. ఏమీ లేదు. ఆ మట్టిచేతులతోనే పాపక్కను కావలించుకుంది.

“ఎన్నేళ్ళ కష్టమో ఫలించింది పాపక్కా! నీ దిబ్బ బంగారం!”

పాపక్కకు తలకొట్టేసినట్టయింది. ఆ తల్లి కళ్ళలోకి చూడలేక, “కాఫీ తాగుదువు రా అమ్మా,” అని లోపలికి పారిపోయింది.

సాయంత్రం పాల సొసైటీ ముందర ఊరంతా చేరింది. అలివేలు సంతోషం పట్టలేకపోతోంది.

“మీ ఊరు నన్ను గెలిపించింది. ఇక హోసూరు నుంచి కృష్ణగిరి దాకా అంగళ్ళన్నిటికీ ఈ కవర్లే వస్తాయి. వాడుకుని ఎక్కడ పారేసినా భయం లేదు!”

అందరూ చప్పట్లు కొట్టారు. పాపక్క చేతులు మాత్రం లేవలేదు. ఎక్కడ పారేసినా భయం లేదా? తనలాంటి వాళ్ళ దిబ్బల్లో కరగని కవర్లను మళ్ళీ ఆవులే కదా తినేది! చచ్చిన ఆవు కళ్ళముందు మెదిలింది. ఇంట్లో మిగిలిన దాని దూడా మెదిలింది. ఛీ, నా పరువు తగలెయ్య, అనుకుంది. లేచి నిలబడింది.

“తప్పయిపోయింది తల్లీ. నా దిబ్బలో కవరు కరగలేదు. నేనే పెరికి కాల్చేసినాను.”

దాసప్ప కండువాతో మొహం కప్పుకున్నాడు.

“మీ కవరుది తప్పు లేదమ్మా. నా దిబ్బకే సత్తువ లేదు. సిగ్గుపడి దాచినాను. నావంటి దిబ్బ ఇంకోటి యాడన్నా ఉంటే ఆవులు చస్తాయి గదా, అందుకే చెప్తా ఉండాను,” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

అలివేలు మొహం ఒక్క క్షణం పాలిపోయింది. అంతలోనే తేరుకుని, పాపక్క భుజం మీద చెయ్యి వేసింది.

“ఏడవకు. ఒక్క దిబ్బలో కరగకపోతే కొంపలేం మునిగిపోవు. మిగతా ఊరంతా కరిగింది కదా!” అని నవ్వుతూ జనం వైపు తిరిగింది. “ఏమండీ, మీ అందరి దిబ్బల్లోనూ కరిగింది కదా?”

ఊరంతా తల దించుకుంది.