రూలు తెలిసిన మనిషి

గేటు పడి ఇరవై రెండు నిమిషాలైంది. రైలు రాలేదు.

శంకరరావు కారు దిగి గేటు గది దగ్గరికి వచ్చాడు. పదకొండింటికి పెడనలో చేపల చెరువు వేలం పాట. అప్పటికి టైము పదీ ముప్పై ఐదు.

"ఏమ్మా, రైలెక్కడ?"

గేటు అవతల స్టేషన్లో ఉందని, ఇప్పుడే బయల్దేరుతుందని గేటు కీపరు కృపాకుమారి చెప్పింది. ఆ మాట చెప్పడం అది నాలుగోసారి.

"స్టేషన్లో ఉన్న రైలుకి ఇక్కడ గేటెందుకు వేశావు?"

"వేస్తేగాని దానికి సిగ్నలివ్వరండీ. వేశాక స్టేషను మాస్టరుగారు చెప్తేగాని నేను తియ్యకూడదు."

శంకరరావు పట్టాల వెంట అటూ ఇటూ చూశాడు. పట్టాల మధ్య ఒక కుక్క పడుకుని ఉంది. అది కూడా రైలు వస్తుందని నమ్ముతున్నట్టు లేదు.

గుడివాడ నుంచి వచ్చే రోడ్డు మీద పదకొండు ఆటోలు, రెండు ట్రాక్టర్లు, ఒక ఆర్టీసీ బస్సు ఆగి ఉన్నాయి. మొదటి ఆటోలో పెడన కలంకారీ షెడ్డుకు అచ్చులు వెయ్యడానికి వెళ్తున్న ఆడవాళ్ళు ఆరుగురు ఉన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే వాళ్ళకు పూట కూలి పోతుంది. వాళ్ళలో కోటేశ్వరమ్మ అనే ఆవిడ ఆటోలోంచి తల బయట పెట్టి, రైలు కూడా ఆటో కోసం చూస్తోందేమో కనుక్కోమంది. అందరూ నవ్వారు. కృపాకుమారి నవ్వలేదు.

శంకరరావు కారులోంచి ఒక కాగితం తెచ్చాడు. గేటు వేసి అరగంటగా జనాన్ని ఇబ్బంది పెడుతున్నారనీ, బాధ్యురాలి మీద చర్య తీసుకోవాలనీ రాశాడు. కింద తను సంతకం చేసి బస్సు డ్రైవరుకిచ్చాడు. అక్కణ్ణించి కాగితం ట్రాక్టర్ల దగ్గరికి, ఆటోల దగ్గరికి వెళ్ళింది. ఐదు నిమిషాల్లో పదిహేడు సంతకాలయ్యాయి.

కృపాకుమారిది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ కాగితం పై ఆఫీసుకి వెళ్తే తప్పెవరిదో తేలేలోపే తన పేరు కొట్టేస్తారని ఆవిడ భయం. గేటు తీసేస్తే మాత్రం కొట్టెయ్యడానికి ఆ కాగితం కూడా అక్కర్లేదు.

పద్దెనిమిదో సంతకం కోసం కాగితం ఒక బైకు దగ్గర ఆగింది. దాని మీద ఉన్న మనిషికి నలభై ఐదేళ్ళుంటాయి. ట్యాంకు మీద బ్యాగు, హ్యాండిలుకి అన్నం క్యారేజీ. కాగితం మొత్తం చదివి, మడిచి, తిరిగి శంకరరావు చేతిలోనే పెట్టాడు.

"రైలు వెళ్ళకుండా గేటు తీస్తే ఆవిడ ఉద్యోగం పోతుందండీ, లేదా మన ప్రాణాలు పోతాయి. రెండిట్లో మీకేది కావాలో ఇందులో రాయండి. అప్పుడు పెడతాను సంతకం."

ఈయనెవరో మంచి తీరిక మీద ఉన్నట్టున్నారని కోటేశ్వరమ్మ అంది.

"తీరికేం లేదమ్మా. సెలవు రోజైనా అర్జెంటని ఫోన్ చేసి పిలిచారు. అర్జెంటని గేటు కింద దూరతామా?"

శంకరరావుకి ఆ ఆలోచన అప్పుడే వచ్చింది. కారు ఇక్కడ వదిలేసి, అవతల ఏ ఆటో అయినా ఎక్కితే పాట అందుకోవచ్చు. వంగి గేటు కింద సగం దూరాడు. బైకు మనిషి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఆర్నెల్ల జైలండీ. పాట ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పాడుకోవచ్చు."

ఆ తర్వాత ఆయన జనం వైపు తిరిగి గేట్ల దగ్గర ప్రమాదాలెలా జరుగుతాయో, బ్రేకు వేశాక రైలు ఎంత దూరం వెళ్ళి ఆగుతుందో లెక్కలతో సహా చెప్పాడు. బస్సు డ్రైవరు తల ఊపాడు. కోటేశ్వరమ్మ కాగితం అడిగి తీసుకుని తన పేరు కొట్టేసింది. ఆవిడ వెనకే మరో ఎనిమిది మంది కొట్టేశారు. శంకరరావు మిగిలినవాటిని లెక్కపెట్టుకుని, కాగితం జేబులో పెట్టుకున్నాడు.

కృపాకుమారి గదిలోంచి తన కుర్చీ తెచ్చి బైకు మనిషికి నీడలో వేసింది. చెంబుతో మంచినీళ్ళిచ్చింది. ఉద్యోగంలో చేరాక గేటు దగ్గర తన తరఫున మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. ఆదివారం గుడిలో ఈయన కోసం ప్రార్థన చేయించాలనుకుంది. ఎంతసేపైనా కూర్చోమని చెప్పింది. కూర్చుంటానన్నాడాయన. చెట్టు కింద గాలి బాగుందన్నాడు.

గదిలో ఫోన్ మోగింది. స్టేషను మాస్టరు.

గేటు తియ్యొచ్చా అని ఆవిడే ముందు అడిగింది.

"తియ్యకమ్మా. ఇందాక చెప్పలేదుగాని, డ్రైవరుకి కడుపునొప్పొచ్చి దిగిపోయాడు. ఇంకొకాయన్ని పిలిపించాం. ఐదు నిమిషాల్లో ఇక్కడుంటానన్నాడు. ఎక్కగానే బండి తీసేస్తాడు. ఇప్పుడు నువ్వు గేటు తీస్తే ఆ జనంలో మళ్ళీ వెయ్యగలవా?"

వెయ్యలేనని ఆవిడ ఒప్పుకుంది.

"ఆయనింకా ఎక్కడున్నాడో కనుక్కుంటానుండు," అని స్టేషను మాస్టరు ఫోన్ పెట్టేశాడు.

ఇంకో ఐదు నిమిషాలేనని జనానికి చెప్పడానికి కృపాకుమారి బయటికి వచ్చింది. చెట్టు కింద బైకు మనిషి ఫోన్ మోగింది. ఆయన చెంబు కింద పెట్టి, లేచి నిలబడి ఎత్తాడు.

"వచ్చేశాను సార్, గేటు దగ్గరే ఉన్నాను. ఇక్కడేదో రైలు రావాలంట. అది వెళ్ళిపోగానే వచ్చి మన బండి తీసేస్తాను."