పెట్టెతో వచ్చిన మనిషి

తవ్విన సమాధి గుంతను ఖాళీగా ఉంచొద్దని చిన్న మంగళారంలో పెద్దల మాట.

మారయ్య కోసం తవ్విన గుంత మాత్రం ఒక రాత్రంతా ఖాళీగా ఉండిపోయింది. అందులో ఒక రాయి పెట్టి, పక్కనే కాపలా కూర్చున్నాడు తమ్ముడు నతానియేలు.

తోటపని కోసం అబుదాబి పోయిన మారయ్య అక్కడే గుండె ఆగి చనిపోయాడు. శవపేటిక వెంట ఒక మనిషి రావాలన్నారు. అదే విమానానికి టికెట్ ఉన్న చేవెళ్ల గోవర్ధన్ అందుకు ఒప్పుకున్నాడని, పెట్టె కాగితాల మీద అతని పాస్‌పోర్టు నంబరే రాశారని అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. మధ్యలో ఒకచోట విమానం మారాలి.

చెప్పిన రోజు పెట్టె రాలేదు. మనిషీ రాలేదు. అతని ఫోన్ కలవలేదు. పాస్టరుగారూ చుట్టాలూ పొద్దుగూకేదాకా చూసి లేచిపోయారు.

మరునాడు, ఆ రోజు విమానంలో పెట్టె వస్తోందని కబురు అంది, నతానియేలు, వదిన శాంతమ్మ శంషాబాద్ ఎయిర్‌పోర్టు ముందు నిలబడ్డారు. గోవర్ధన్ అని రాసిన అట్టముక్క నతానియేలు చేతిలో ఉంది.

ట్రాలీలు నెట్టుకుంటూ అందరూ వెళ్లిపోయాక, చిట్టచివర ఒక నడివయసు మనిషి వచ్చాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు తప్ప సామాను లేదు.

"నేనే గోవర్ధన్‌ను అన్నా."

"గింత సేపా? విమానం దిగి ఎప్పుడో అయిపాయె గదా!"

"బ్యాగు రాలే అన్నా. బెల్టు కాడ శానా సేపు చూసిన. కంప్లెయింట్ రాసిచ్చిన. ఇక్కడి ఫోన్ నంబరు అడిగిన్రు. నా సిమ్ము పనిజేస్తలేదు, పెట్టె కాగితాల మీదున్న నీ నంబరే ఇచ్చిన."

నతానియేలుకు ఒళ్లు మండింది.

"శవాన్ని పెట్టుకొని బ్యాగు కోసం నిలబడ్డవా?"

"దాంట్ల జర అవసరమైంది ఉన్నది అన్నా."

"మరి నిన్న ఎందుకు రాలే? విమానం మారేకాడ పండుకున్నవా, దుకాణాలు చూసుకుంట తిరిగినవా?"

గోవర్ధన్ ఒకసారి శాంతమ్మ వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"ఎక్కలే అన్నా."

అంతే. తప్పు చేసినవాడే ఇట్లా నీళ్లు నములుతాడని నతానియేలు తేల్చేసుకున్నాడు.

కార్గో ఆఫీసులో పెట్టె విడిపించాలంటే గోవర్ధన్ ఉండాలన్నారు. కాగితాల మీద ఉన్నది అతని పాస్‌పోర్టే మరి. ఒక సంతకం అయ్యాక ఇంకో సంతకం. ఎండ వాలిపోయింది.

గోవర్ధన్ మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తున్నాడు.

"మాకు లేని తొందర నీకేంది?" అన్నాడు నతానియేలు.

"అన్నా, ఒక్కసారి ఫోనిస్తవా?"

విసురుగా చేతిలో పెట్టాడు.

గోవర్ధన్ కొంచెం పక్కకు జరిగాడు. అవతలి మాట చాలాసేపు విన్నాడు. చివరికి మెల్లగా అన్నాడు.

"పొద్దుగూకుతున్నది గదా. నా కోసం ఆగకుండ్రి. కానియ్యుండ్రి."

ఇంట్లో ఏదో దావతు పెట్టుకున్నట్టున్నాడు, అందుకే ఈ ఆరాటం, అనుకున్నాడు నతానియేలు.

పెట్టె బయటికి వచ్చింది. శాంతమ్మ దాని మీద పడి గుండెలవిసేలా ఏడ్చింది. గోవర్ధన్ ఆమె లేచేదాకా ఆగి, కవరులోంచి మారయ్య పాస్‌పోర్టు తీసి రెండు చేతులా ఇచ్చాడు. రద్దు చేసినందుకు గుర్తుగా దాని మూల కత్తిరించి ఉంది.

"అన్నను యాడ గూడ ఒంటిగ ఇడ్వలే అక్కా. దారి పొడుగునా ఎంబడే ఉన్న."

శాంతమ్మ కళ్లు తుడుచుకుంటూ తలూపింది.

చిన్న మంగళారం పోవాలన్నా, చేవెళ్ల పోవాలన్నా మొయినాబాద్ దారే. అంబులెన్సులో ఇంకొకరికి చోటు కూడా ఉంది.

"నువ్వు బస్సుల పో," అని నతానియేలు తలుపు వేసేశాడు.

దీపాలు పెట్టే వేళకు మారయ్యను మట్టిలో పెట్టారు. గుంత నిండింది.

నెల తిరగబోతుండగా బ్యాగు నతానియేలు ఇంటికి వచ్చింది. ఊరికే ఒకరి సొమ్ము ఉంచుకోవడం ఇష్టం లేక, దాన్ని తీసుకుని చేవెళ్ల బస్సెక్కాడు. అడుగుతూ అడుగుతూ గోవర్ధన్ ఇల్లు పట్టుకున్నాడు.

వాకిట్లో ఒకామె బియ్యం చెరుగుతోంది.

"గోవర్ధన్ ఉన్నడా అమ్మా?"

"మొన్ననే మళ్ల పోయిండన్నా, సెలవు అయిపాయె. నేను చెల్లెను, శిరీషను."

"నేను మారయ్య తమ్ముణ్ణి. గీ బ్యాగు మా ఇంటికొచ్చింది." కడుపులో మాట ఆగలేదు. "మీ అన్న ఒక దినం ఆలస్యం జేసిండమ్మా. గుంత తవ్వుకొని కూసున్నం మేము."

శిరీష చాట కింద పెట్టింది.

"మీకు జెప్పనే లేదా? విమానం మారేకాడ మీ అన్న పెట్టె ఎక్కియ్యలేదట. నువ్వు పో, పెట్టె ఎనుక వస్తదన్నరట. ఒక్కణ్ణి ఇడిసి ఎట్ల పోత అని మా అన్న ఎక్కలే. ఆ గడబిడల్నే బ్యాగు తప్పిపాయె."

నతానియేలు బ్యాగును అరుగు మీద పెట్టాడు.

"మరి మాకు జెప్తే ఏమైతుండె?"

"పెనిమిటిని అట్ల కింద ఇడిసిపెట్టిన్రని ఆమె ముంగట ఎట్ల జెప్త, అన్నడు."

శిరీష బ్యాగు జిప్పు లాగింది. పైనే మడత విప్పని కొత్త చీర ఉంది. దాన్ని తీసి ముఖానికి అదుముకుంది.

"ఎవరికమ్మా అది?" అన్నాడు నతానియేలు.

"అమ్మకు. మీద కప్పనీకి కొన్నడు."

నతానియేలు అరుగు మీద కూర్చున్నాడు.

"మా అన్న వస్తడని ఐసు పెట్టెల పెట్టి ఆపినం అన్నా. ఆఖరుకు ఎవరి ఫోన్ల నుంచో జేసి, నా కోసం ఆగకుండ్రి, కానియ్యుండ్రి అన్నడు," అంది శిరీష. "కొడుకు ఉండంగ, అమ్మకు తలకొరివి నేను పెట్టిన."