ఏడో నంబరు తాలూకు

"తొమ్మిది, చెయ్యి ఇలా చాపండి."

తొమ్మిదో నంబరు మంచం మీద కూర్చున్న పెద్దాయన ఎందుకని కూడా అడక్కుండా చెయ్యి చాపాడు. కొత్తమ్మాయి ఇన్సులిన్ ఇచ్చి, దూది అద్ది, ట్రే పట్టుకుని రెండడుగులు వేసింది.

"మరి నాకివ్వవా తల్లీ?" అన్నాడు ఏడో నంబరు మంచం మీదున్న ఇంకో పెద్దాయన. "తొమ్మిది నేనేగా! ఇటు కిటికీ ఉందని కాసేపు మంచాలు మార్చుకున్నాం."

కొత్తమ్మాయి చటుక్కున వెనక్కి తిరిగింది. మందు ఇచ్చే ముందు చేతికున్న పేరు పట్టీ చూడాలి. నర్సింగులో మొదటి రోజు నేర్పే పాఠం. ఆ ఒక్కటీ చూడలేదు. షుగరే లేని మనిషికి, పరగడుపున, ఇన్సులిన్ పొడిచేసింది. ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

పక్కనున్న సీనియర్ నర్సుని వార్డంతా వాగుడుకాయ అంటారు. ఆవిడ చెవి దగ్గర గుసగుసలాడింది. "నోరు మూసుకుని ఇంత పంచదార నీళ్లు తాగించెయ్. ఎవరికి తెలుస్తుంది గనక?" అంతలో ఎవరికిచ్చిందో చూసి ఆవిడ మొహం పాలిపోయింది. "అమ్మో, ఏడుకా! పరుగెత్తు, వెళ్లి పెద్ద సిస్టర్‌కి చెప్పు!"

"ఏం, ఎవరి తాలూకు ఆయన?"

"ఆ మాట అడక్కూడదని తెలీదూ?"

నిజమే. నిన్న రాత్రి పక్క వార్డు నుంచి వచ్చాడాయన, అంతవరకే కొత్తమ్మాయికి తెలుసు. ఎవరి తాలూకు అని అడిగితే వార్డంతా చూసుకునే పెద్ద సిస్టర్ ఒంటికాలి మీద లేస్తుంది. ఇక్కడ అందరూ మంచం నంబర్లే, గొప్పవాళ్ల చుట్టాలూ లేరు, దిక్కులేనివాళ్లూ లేరు అంటుంది.

పెద్ద సిస్టర్ డ్యూటీ పుస్తకం రాసుకుంటోంది.

"తప్పు చేశాను సిస్టర్. తొమ్మిదికి ఇవ్వాల్సిన ఇన్సులిన్ ఏడుకిచ్చాను."

రాస్తున్న పెన్ను ఆగింది. "ఎంత?"

"పన్నెండు యూనిట్లు. మూడు నిమిషాలైంది."

"ఏడవడానికి తర్వాత టైమిస్తాను. పద."

డాక్టరు వచ్చాడు. గ్లూకోజు ఎక్కించారు. పావుగంటకోసారి వేలు పొడిచి షుగరు చూశారు. ఒక దశలో నలభై ఎనిమిదికి పడిపోయి, పెద్దాయన చొక్కా చెమటతో తడిసి, చేతులు గజగజా వణికాయి. పెద్ద సిస్టర్ మంచం కాళ్ల వైపు నిలబడి అన్నీ వాగుడుకాయ చేత చేయించింది. తను మాత్రం ఆయన ఒంటి మీద వేలు కూడా వెయ్యలేదు. రేపు విచారణ జరిగితే తనకి అంటకుండా చూసుకుంటోంది మహాతల్లి అనుకుంది కొత్తమ్మాయి.

"పెద్దాయనా, కళ్లు తిరుగుతున్నాయా?" అని అక్కణ్నుంచే అడిగింది పెద్ద సిస్టర్.

"లేదు సిస్టరమ్మా," అన్నాడాయన, ఆ వణుకులోనూ ఏదో సరదాగా ఉన్నట్టు సాగదీస్తూ. కొత్తమ్మాయి వైపు తిరిగాడు. "నువ్వెందుకే ఏడుస్తావు? పోలేదుగా నేను! కాకపోతే మా అమ్మాయితో జాగ్రత్త. దానికి కోపం ముక్కు మీదుంటుంది."

మధ్యాహ్నానికి షుగరు కుదురుకుంది. పదింటికి టీ పడకపోతే మనుషుల్ని కరిచే పెద్ద సిస్టర్ బల్ల మీద టీ అలాగే తొరక కట్టి ఉంది.

మేనేజరు రొప్పుతూ వచ్చాడు. "ఎవరా పిల్ల? ఈ పూటే పంపించేద్దాం. ఇంటివాళ్లు గొడవకొస్తే పేరు పోతుంది."

"గొడవకి రారు. ఆ పూచీ నాది."

"మీకెలా తెలుసు?"

"ఆ పిల్ల తనంతట తనే వచ్చి చెప్పింది కాబట్టి మనిషి దక్కాడు. చెప్పినందుకు పంపించేస్తే రేపట్నుంచి ఎవరూ చెప్పరు సార్. అప్పుడు మనుషులు పోతారు."

మేనేజరు గొణుక్కుంటూ వెళ్లాడు. పెద్ద సిస్టర్ తప్పుల పుస్తకం తీసి కొత్తమ్మాయి చేత అంతా రాయించింది. కింద తనూ రాసింది. 'మనుషుల్ని మంచం నంబర్లతో పిలవడం అలవాటు చేసింది నేను. ఈ తప్పులో సగం నాది. రేపటి నుంచి పట్టీ చూసి పేరు పెట్టి పిలవాలి.'

అది చదివి కొత్తమ్మాయికి మళ్లీ ఏడుపొచ్చింది. పొద్దున ఈవిడనా నేను అన్నేసి మాటలనుకున్నది అని సిగ్గుపడింది.

"ఇంకొకటుంది," అంది పెద్ద సిస్టర్. "ఈ వార్డులో తప్పు చేసినవాళ్లే ఇంటివాళ్ల మొహం చూసి చెప్పాలి. ఆయన కూతురు డ్యూటీ దిగి నాలుగింటికి వస్తుంది."

"ఆవిడకి తెలుసా?"

"ప్రమాదం తప్పిందని తెలుసు. ఎలా జరిగిందో నీ నోటితో చెప్పాలి."

"తిడితే?"

"పడు."

"కొడితే?"

"అంత పని చెయ్యదులే."

రెండింటికే డ్యూటీ అయిపోయినా కొత్తమ్మాయి ఇంటికెళ్లలేదు. నాలుగు కొట్టగానే బిలబిలమంటూ అందరి చుట్టాలూ వచ్చారు. ఏడో నంబరు పక్కన స్టూలు మాత్రం ఖాళీగానే ఉంది. పెద్ద సిస్టర్ సాయంత్రం సిస్టర్‌కి వార్డు అప్పజెప్పి, సంతకం పెట్టి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. కొత్తమ్మాయి చెప్పాల్సిన మాటలు పాఠంలా వల్లె వేసుకుంటోంది. నాలుగుంబావు అయింది. రాదేమో అని మనసులో ఒక మూల చచ్చేంత ఆశ పుట్టింది.

గది తలుపు తెరుచుకుంది. పెద్ద సిస్టర్ తెల్ల బట్టలు మార్చేసుకుని, భుజాన సంచీతో, చేతిలో ఫ్లాస్కుతో నేరుగా వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది. పాపం, నాకు తోడుగా ఆగింది అనుకుంది కొత్తమ్మాయి. పెద్ద సిస్టర్ పొద్దుట్నుంచీ తాకని ఆ ముసలి చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, నీళ్లు నిండిన కళ్లతో తలెత్తింది.

"ఇప్పుడు చెప్పమ్మా, మా నాన్నకి ఏమైంది?"